పోయిన తోడేలు తిరిగొచ్చిందా?



ఇవాళ ఒక తోడేలు సంగతి చెప్పాలని వచ్చాను. ఆడవాళ్ళ కార్యక్రమంలో తోడేలు ఎందుకమ్మా అని మీరు నవ్వుకోవచ్చు. మనం పిలవకుండానే అది మన ఇళ్ళల్లోకి వచ్చి కూర్చుంది మరి. పిల్లలు కంప్యూటరు ముందు కూర్చునో, ఫోను ఒళ్ళో పెట్టుకునో ఆడే ఆటల్లో అది ఉంది. దాని పేరు డైర్ వుల్ఫ్. మన మాటల్లో చెప్పుకోవాలంటే భీకరమైన తోడేలు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలియని పిల్లవాడు కూడా దీని బలం ఎంత, కోర ఎంత పొడుగు, దేనికి లొంగుతుంది, ఇవన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతాడు.

అయితే 2025 ఏప్రిల్ 7వ తేదీన ఈ ఆటలో తోడేలు వార్తల్లోకి ఎక్కింది. కలోసల్ బయోసైన్సెస్ అనే అమెరికా కంపెనీ మూడు తెల్లటి తోడేలు పిల్లల్ని లోకానికి చూపించి, పదివేల ఏళ్ళ కిందట అంతరించిపోయిన డైర్ వుల్ఫ్‌ను మేము మళ్ళీ పుట్టించామని ప్రకటించింది. టైమ్ అనే ప్రసిద్ధ పత్రిక దాని బొమ్మను ముఖచిత్రంగా వేసి, "అంతరించిపోయినది" అనే మాట రాసి దాని మీద అడ్డంగా గీత కొట్టేసింది. ఆ బొమ్మ మన ఫోన్ల దాకా రావడానికి ఎంతసేపు పట్టింది కనుక! మా చుట్టాల పిల్లవాడొకడు, పదేళ్ళ వాడు, అది చూసి నన్ను అడిగాడు. "అయితే అత్తా, ఏ జంతువు పోయినా ఫర్వాలేదన్నమాట. మళ్ళీ చేసుకోవచ్చుగా?" అని. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే తేలిన విషయాలివి.

ముందు ఆట సంగతి చూద్దాం. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తయారుచేశారు. అప్పటికి తెరలూ మీటలూ ఏమీ లేవు. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరు కథ చెబుతూ ఉంటే మిగిలినవాళ్ళు ఆ కథలో వీరులై, పాచికలు వేస్తూ ముందుకు పోవడం. అంటే కథాకాలక్షేపమూ పాచికలాటా కలిపిన వంటకం లాంటిది. ఆ కథలోకి వచ్చే రాక్షసులకూ మృగాలకూ 1977లో ఒక పెద్ద జాబితా పుస్తకం వేశారు. అందులో డైర్ వుల్ఫ్ ఉంది. అక్కణ్ణుంచి ఆటలు పెరిగాయి, తోడేలు కూడా పెరిగింది. బల్ల మీది ఆటలోనే అది గుర్రానికి ఇచ్చే చోటు ఆక్రమించింది. ఆర్క్ అనే మరో ఆట ఉంది, తెరమీద ఆడేది. అందులో దాన్ని కొట్టి స్పృహ తప్పించి, మాంసం పెట్టి మచ్చిక చేసుకుంటే, జీను కూడా లేకుండా వీపునెక్కి ఊరేగవచ్చు. ఆటల్లో సాధారణంగా ఇంకో సౌకర్యం ఉంటుంది. మృగాన్ని చంపేసి వెళ్ళిపోతే కాసేపటికి అదే చోట అలాంటిదే మరొకటి పుట్టి నిలబడుతుంది. పిల్లలు దీన్ని రీస్పాన్ అంటారు. రోజుకు నలభై తోడేళ్ళను చంపినా అడవి ఖాళీ కాదు.

మన ఆట ఒకటి గుర్తు చేస్తాను. పులీ మేకా, పులిజూదం అని రకరకాలుగా అంటారు. గుడి అరుగుల మీద, సత్రాల బండల మీద ఆ గళ్ళు ఇప్పటికీ చెక్కి ఉంటాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీంచి దూకితే మేక పోయినట్టే, ఆ ఆటలో మళ్ళీ రాదు. మరి పులికి? పులికి చావు లేదు. మేకలన్నీ కలిసి అది కదలడానికి వీల్లేకుండా దారి కట్టడమే మేకల గెలుపు. మా అమ్మమ్మలు ఆడిన ఆట గొప్పదనీ, వీళ్ళు ఆడేది చెడ్డదనీ నేను చెప్పబోవడం లేదు. పిల్లలు ఆడే ఆటల్లో ఊహ ఉంది, స్నేహం ఉంది, ఇంగ్లీషు కూడా బాగానే వస్తోంది. కాకపోతే, పోయింది మళ్ళీ పుట్టుకొస్తుందనే అలవాటు చేతివేళ్ళకు పడిపోయాక, వార్తల్లో అదే మాట వినబడితే మనసు సులువుగా నమ్మేస్తుంది.

ఆటకు తోడు నవల కూడా కలిసింది. జార్జి ఆర్. ఆర్. మార్టిన్ అనే రచయిత 1996లో గేమ్ ఆఫ్ త్రోన్స్ అనే నవల రాశారు. 2011 నుంచి 2019 దాకా టెలివిజన్ సీరియల్‌గా వచ్చి ప్రపంచమంతా తిరిగింది. ఆ కల్పిత లోకంలో మంచుదేశానికి అడ్డంగా పెద్ద గోడ ఉంటుంది. గోడకు దక్షిణాన రెండు వందల ఏళ్ళుగా ఎవరి కంటా పడని ఈ తోడేలు, కథ మొదట్లోనే చచ్చిపడి ఉంటుంది. పక్కన దాని పిల్లలు ఆరు. ఆ ఇంటి పిల్లలు ఆరుగురూ తలా ఒక పిల్లను తెచ్చుకుని పెంచుకుంటారు. సీరియల్ మొదటి భాగంలో ఆ వేషం వేసినవి తోడేళ్ళు కావు సుమండీ, పెంపుడు కుక్కలే. ఆరింటిలో అందరూ ముద్దు చేసింది తెల్లదాన్ని. కంపెనీవాళ్ళు చూపించిన పిల్లలు కూడా తెల్లనివే కావడం, వాటిలో ఆడపిల్లకు ఆ సీరియల్‌లోంచి ఖలీసీ అని పేరు పెట్టడం, మగపిల్లల్ని ఆ సీరియల్ సింహాసనం మీద కూర్చోబెట్టి ఫోటోలు తీయడం, ఇవన్నీ చూస్తే ఎవరిని మెప్పించడానికి ఈ ఏర్పాటో తెలిసిపోతూనే ఉంది. ఖలీసీ అనేది ఆ కథలో డ్రాగన్లను పెంచే ఆవిడ బిరుదు, తోడేళ్ళకూ ఆవిడకూ సంబంధం లేదు. పేరు పెట్టినవాళ్ళకు అంత పట్టింపు లేనట్టుంది. మగపిల్లలకు మాత్రం రోమ్ నగరం కట్టారని చెప్పే అన్నదమ్ముల పేర్లు పెట్టారు, రోములస్, రెమస్ అని. పురాణంలో వాళ్ళకు పాలిచ్చింది తోడేలే కనుక అది కుదిరింది.

ఇక అసలు జంతువు దగ్గరికి వద్దాం. ఇది కేవలం కల్పన కాదని తెలిసినప్పుడు నాకు చాలా ఆశ్చర్యం వేసింది. ఆ పేరుతో నిజంగానే ఒక మృగం బతికింది. మన దేశంలో కాదు, అమెరికా ఖండాలలో. 1854లో ఇండియానా రాష్ట్రంలో ఎవాన్స్‌విల్ ఊరి దగ్గర, ఒహాయో నది ఒడ్డున ఒక దవడ ఎముక దొరికింది. జోసెఫ్ లైడీ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని పరీక్షించి, 1858లో ఆ జంతువుకు డైరస్ అనే పేరు ఖాయం చేశాడు. లాటిన్ భాషలో భయంకరమైనది అని అర్థం. అంటే పిల్లల ఆటలో ఉన్న పేరు నూటయాభై ఏళ్ళ పైబడిన శాస్త్రజ్ఞుడి పేరేనన్నమాట.

ఆ ఎముకలు రాశులుగా దొరికిన చోటు మాత్రం లాస్ ఏంజెలెస్ నగరం నడిబొడ్డున ఉంది. లా బ్రెయా తారు గుంటలు అంటారు. స్పానిష్ భాషలో బ్రెయా అంటేనే తారు. కనుక అది తారు తారు గుంటలు అయింది, మనవాళ్ళు నడిసెంటరు అన్నట్టు. అక్కడ భూమిలోంచి తారు ఊరి పైకి వస్తుంది. దాని మీద ఆకులూ దుమ్మూ పేరుకుంటే నేల లాగే కనబడుతుంది. అడవిదున్నో గుర్రమో కాలు పెడితే బెల్లం పాకంలో ఈగ పడ్డట్టే. అది అరుస్తుంది. అరుపు విని తోడేళ్ళు వస్తాయి. సులువుగా తిండి దొరికిందని దూకుతాయి, అవీ దిగబడతాయి. అలా వేల ఏళ్ళపాటు జరిగింది. ఇంతవరకు ఆ గుంటల్లోంచి నాలుగు వేలకు పైగా డైర్ వుల్ఫ్‌ల ఎముకలు తీశారు. అక్కడ దొరికిన పెద్ద జంతువుల్లో వీటిదే ఎక్కువ సంఖ్య. ఇన్ని వేల ఎముకలంటే రోజూ ఒకటి పడి ఉండాలని మనకు అనిపిస్తుంది. లెక్క వేసినవాళ్ళు చెప్పేది వేరు. పదేళ్ళకొకసారి ఒక పది జంతువులు చిక్కుకుంటే చాలునట, ముప్ఫై వేల ఏళ్ళలో ఆ రాశి పోగుపడటానికి. అక్కడి మ్యూజియంలో ఒక గోడ నిండా వీటి పుర్రెలే వరసగా అమర్చి వెనక దీపాలు పెట్టారు. నాలుగు వందల నాలుగు పుర్రెలు. ఫోటోలో చూసినా ఒళ్ళు జలదరిస్తుంది.

ఆ ఎముకలు చెప్పే తోడేలు ఆటలో తోడేలు కాదు. గుర్రమంత ఎత్తు లేదు. భుజం దగ్గర మూడడుగులకు అటూ ఇటూ, బరువు అరవై కిలోలు, ఇంకా పెద్దదైతే డెబ్భైకి దగ్గర. అంటే ఉత్తరాది మంచు ప్రాంతాల్లో ఇవాళ తిరిగే పెద్ద తోడేలు కన్నా కొంచెం ఎక్కువ, అంతే. అయితే తల పెద్దది, పళ్ళు గట్టివి, దవడ పట్టు బలమైనది. నన్ను ఆలోచింపజేసింది ఆ పళ్ళే. లా బ్రెయాలో దొరికిన పళ్ళలో విరిగినవి చాలా ఎక్కువట. ఇప్పటి తోడేళ్ళలో అంతగా విరగవు. కడుపునిండా తిండి దొరికితే ఎముకను అంత గట్టిగా కొరికే పనేముంది? దొరికిన దాన్ని ఎముకతో సహా నమిలి, పక్కవాటితో పోటీపడి బతికాయన్నమాట. ఆటలో దాని ఆకలి ఎవరూ చూపించరు. అక్కడ దానికి ఉన్న పనల్లా వీరుడి మీదకు దూకడమే.

అవి తిన్నది పెద్ద జంతువుల్ని, ఆ కాలపు గుర్రాలు, అడవిదున్నలు, ఇలాంటివి. మంచుయుగం ముగుస్తున్న రోజుల్లో వాతావరణం మారింది, మనుషులు ఆ ఖండంలోకి వచ్చారు, పెద్ద జంతువులు ఒకదాని వెనుక ఒకటి అంతరించిపోయాయి. తిండి పోయాక తినేది ఎక్కడ మిగులుతుంది? చిన్నా పెద్దా ఏది దొరికితే దానితో సరిపెట్టుకోగలిగిన మామూలు తోడేలు బతికింది. పెద్దవాటికే అలవాటుపడిన ఈ భీకరమైనది పోయింది. పది పదమూడు వేల ఏళ్ళ కిందటి మాట.

ఇంకొకటి. 2021లో శాస్త్రజ్ఞులు నలభై ఆరు పాత ఎముకల నమూనాలు పరీక్షించి, వాటిలో ఐదింటిలోంచి మాత్రం జన్యుపదార్థం తీయగలిగారు. తేలిందేమిటంటే, ఇది మామూలు తోడేలుకు అక్కా చెల్లెలూ కానే కాదు. యాభై ఏడు లక్షల ఏళ్ళ కిందటే రెండు వంశాలూ విడిపోయాయి. పోలిక మాత్రం ఒకేలా వచ్చింది, ఒకే రకం బతుకు బతకడం వల్ల. ఒకే అగ్రహారంలో ఉన్నంత మాత్రాన అందరూ చుట్టాలవుతారా? అందుకే దాన్ని తోడేళ్ళ జాతిలోంచి తీసి ఈనోసయాన్ అనే వేరే పేరు కింద పెట్టారు.

ఇప్పుడు కంపెనీవాళ్ళు చేసిన పని ఏమిటో చూద్దాం. శాస్త్రం చదువుకోని మనకు వంటింటి భాషలో చెప్పుకుంటే బాగా తెలుస్తుంది. ప్రతి ప్రాణి కణంలోనూ ఒక వంటల పుస్తకం ఉందనుకోండి. ఒళ్ళు ఎలా చేయాలి, బొచ్చు ఎలా రావాలి, దవడ ఎంత పెరగాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. తోడేలు పుస్తకంలో అక్షరాలు దాదాపు రెండు వందల నలభై కోట్లు. కంపెనీవాళ్ళు ఒహాయోలో దొరికిన పదమూడు వేల ఏళ్ళ నాటి పన్నులోంచి, ఐడహోలో దొరికిన డెబ్భై రెండు వేల ఏళ్ళ నాటి పుర్రెలోంచి పాత పుస్తకం పుటలు, చిరిగినవి, చివికినవి, ఏరి చదివారు. ఆ పని నిజంగా మెచ్చుకోదగ్గదే. తరువాత బతికి ఉన్న మామూలు తోడేలు రక్తంలోంచి కణాలు తీసుకుని, దాని పుస్తకంలో ఇరవై చోట్ల దిద్దారు. ఆ దిద్దిన కణాలను కుక్క అండంలో పెట్టి, కుక్క కడుపున పెంచి, ఆపరేషన్ చేసి పిల్లల్ని బయటికి తీశారు. మగపిల్లలు 2024 అక్టోబరులోనూ, ఆడపిల్ల 2025 జనవరి చివరలోనూ పుట్టాయి.

ఇరవై దిద్దుబాట్లు. మామూలు తోడేలుకూ డైర్ వుల్ఫ్‌కూ తొంభై తొమ్మిదిన్నర శాతం పోలిక ఉందని కంపెనీయే చెప్పింది. వినడానికి ఎంతో దగ్గరగా ఉంది కదూ? మిగిలిన అర శాతం ఎంతో లెక్కేయండి. రెండు వందల నలభై కోట్లలో అర శాతం అంటే కోటీ ఇరవై లక్షలు. కోటీ ఇరవై లక్షల తేడాల్లో దిద్దింది ఇరవై. అందులోనూ పాత తోడేలు పుస్తకంలోంచి తీసుకున్నవి పదిహేనే. తెల్లని బొచ్చు కోసం చేసిన ఐదు దిద్దుబాట్లూ దాని సొంతవి కావు. డైర్ వుల్ఫ్ రంగు జన్యువుల్ని ఉన్నదున్నట్టు పెడితే మామూలు తోడేలు పిల్లకు చెవుడో గుడ్డితనమో వస్తుందని భయపడి, అపాయం లేదని ముందే తెలిసిన వేరే మార్పులు పెట్టారు. ఆ పిల్లల్ని హింసించకుండా ఉండటానికి చేసిన పని కనుక దాన్ని తప్పు పట్టను. కాని అందరూ చూసి మురిసిపోయిన ఆ తెలుపు కూడా పాతదాని నుంచి వచ్చింది కాదన్నది మాత్రం తెలుసుకోవాలి.

మన పక్కింటావిడ పెట్టిన చారులో మన నాయనమ్మ వేసే పద్ధతిలో కాస్త ఇంగువ వేసి, ఇది మా నాయనమ్మ చారే అంటే ఎలా ఉంటుంది? ఇంగువ వాసన వస్తుంది, కాదనను. చారు పక్కింటావిడదే. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘంలో కుక్కలూ తోడేళ్ళ మీద పనిచేసే నిపుణుల బృందం ఆ నెలలోనే, ఇవి డైర్ వుల్ఫ్‌లు కావు, వాటికి బదులు అనిపించుకునేవి కూడా కావు అని చెప్పింది. చివరికి కంపెనీలో ఆ పనికి పెద్దగా ఉన్న శాస్త్రజ్ఞురాలు బెత్ షపీరో కూడా, ఇవి ఇరవై మార్పులు చేసిన మామూలు తోడేళ్ళే అని 2025 మే నెలలో ఒప్పుకున్నారు. ఆ మాటకు ముఖచిత్రం వేసిన వాళ్ళెవరూ నాకు కనబడలేదు.

పోనీలే, ఎవరికి నష్టం, ముచ్చటైన మూడు పిల్లలు పుట్టాయి కదా అనుకోవచ్చు. నష్టం ఎక్కడుందో చెబుతాను. ప్రకటన వచ్చిన రోజే అమెరికాలో వన్యప్రాణుల రక్షణను చూసే శాఖ మంత్రి డగ్ బర్గమ్ ఈ విద్యను ఆకాశానికెత్తారు. ఇకమీదట జీవజాతుల రక్షణకు ఇదే పునాది కాగలదని, ఆపదలో ఉన్న జంతువుల జాబితాలోకి కొత్తవి చేర్చడం కాదు, అందులోంచి తీసివేయడమే మనం పండుగ చేసుకోవాలని రాశారు. మా చుట్టాల పిల్లవాడు అడిగిన ప్రశ్నే ఆయన సమాధానంగా చెప్పారు చూశారా! పదేళ్ళవాడు అడిగితే కూర్చోబెట్టి చెప్పవచ్చు. మంత్రిగారు అంటే అడవుల మీద సంతకాలవుతాయి.

ఇలాంటి మాట దగ్గర మన చీతాల సంగతి గుర్తుకు రాకమానదు. 1947లో ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కొరియా సంస్థానాధీశుడు ఒక్క రాత్రిలో మూడు చీతాలను కాల్చాడు. మన చిత్తూరు వైపు 1950ల మొదట్లో ఒకదాన్ని చూసినట్టు నమోదై ఉంది. 1952లో దేశంలో చీతా లేదని ప్రభుత్వమే ప్రకటించింది. డెబ్భై ఏళ్ళ తరువాత, 2022 సెప్టెంబరు 17న, నమీబియా నుంచి ఎనిమిదింటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనోలో వదిలారు. అవి ఆఫ్రికావి, మనవి కావు. అయినా చీతాలే. తల్లీ బిడ్డా తోబుట్టువులు ఉన్నవి, వేట తెలిసినవి. వాటికీ ఇక్కడ సులువు కాలేదు, కొన్ని చచ్చిపోయాయి, కొన్ని పిల్లల్ని పెట్టాయి. ఎక్కడో ఒకచోట బతికి ఉన్నదాన్ని తెచ్చుకోవడమే ఇంత కష్టమైతే, భూమి మీద ఎక్కడా లేనిదాన్ని తెచ్చామనడం ఎంత మాట! ఆ మూడు పిల్లలకు వేట నేర్పే తల్లి లేదు, మందలో పెద్దలు లేరు. మనుషులే మాంసం వేస్తున్నారు. అడవిలోకి వదిలే ఉద్దేశం లేదని కంపెనీయే చెప్పింది.

మరి మన తోడేలు? డైర్ వుల్ఫ్ బలం ఎంతో చెప్పే పిల్లల్ని మన దేశంలో తోడేళ్ళు ఎన్ని ఉన్నాయో అడగండి. మూడు వేల చిల్లర అని అంచనా. పులులు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. భీముడికి వృకోదరుడు అని పేరు, తోడేలు కడుపు వంటి కడుపు కలవాడని. పురాణంలో పేరు పెట్టడానికి పనికొచ్చేంత పరిచయం ఉండేది మనవాళ్ళకు ఈ జంతువుతో. ఇవాళ పట్నంలో పిల్లలకు మేకపిల్లతో తగువు పెట్టుకున్న పాఠంలో తోడేలు తప్ప వేరే తోడేలు తెలియదు. మన తోడేలు సన్నగా, ఇరవై కిలోలకు అటూ ఇటూ, మట్టిరంగులో ఉంటుంది. దట్టమైన అడవిలో ఉండదు, మెట్ట బీళ్ళలో, గడ్డినేలల్లో ఉంటుంది. అదే దానికి వచ్చిన కష్టం. అడవికైతే అడవి అని పేరుంది. గడ్డినేలను రికార్డుల్లో బంజరు అని రాస్తారు. బంజరు అని రాసిన చోట ఏమైనా కట్టవచ్చు, ఎవరికైనా ఇవ్వవచ్చు. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో తోడేలుకు పులితో సమానమైన రక్షణ రాసి ఉంది. జంతువుకు రక్షణ ఉంది, అది నిలబడే నేలకు లేదు.

గొర్రెల కాపరి బాధ కూడా బాధే. ఏడాదంతా మందను తిప్పుకుని, ఒక్క రాత్రిలో నాలుగు గొర్రెలు పోతే ఆ ఇంట్లో ఆడపిల్ల ఫీజు కట్టడం ఆగిపోతుంది. ఉత్తరప్రదేశ్‌లోని బహ్‌రైచ్ జిల్లాలో 2024లో వానాకాలం నెలల్లో తోడేళ్ళు తొమ్మిది పది మందిని పొట్టన పెట్టుకున్నాయి. ఎక్కువ మంది చిన్నపిల్లలు. ఇంటి ముందు మంచం మీద తల్లి పక్కన పడుకున్న బిడ్డల్ని ఎత్తుకుపోయాయి. ఆ తల్లుల ముందు నిలబడి తోడేలు మంచిదమ్మా అని చెప్పే ధైర్యం నాకు లేదు. ఇళ్ళకు తలుపులు, మందకు గట్టి దొడ్డి, పోయిన గొర్రెకు ఆలస్యం లేకుండా పరిహారం, ఇవి ముందు జరగాలి. వీటికయ్యే ఖర్చు ఎంతో నాకు తెలియదు గాని, పోయినదాన్ని పుట్టించడానికి అయ్యేదాంట్లో ఎన్నో వంతు కూడా ఉండదని మాత్రం ఇల్లు నడిపే ఎవరికైనా తెలుస్తుంది.

సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక చోటు చెబుతాను. నంద్యాల జిల్లాలో నందికొట్కూరు వైపు రోళ్ళపాడు అభయారణ్యం ఉంది. అరణ్యం అన్నమాటే గాని చెట్లు తక్కువ, అంతా గడ్డి. 1988లో బట్టమేక పిట్ట కోసం ఏర్పాటు చేశారు. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ కనబడటం గగనమైపోయింది. కృష్ణజింకలు ఉన్నాయి, తోడేళ్ళు ఉన్నాయి. తోడేలు కనబడుతుందని మాట ఇవ్వలేను, అది మన పిల్లల కోసం నిలబడదు. తెల్లవారుజామున వెళ్ళాలి, మాట్లాడకుండా కూర్చోవాలి. జింకలు ఒక్కసారి తలలెత్తి ఒకే వైపు చూస్తే, ఆ వైపు చూడండి.

అమెరికాలో ఆ మూడు తెల్ల పిల్లలకు కంచె వేసి ఇచ్చిన చోటు రెండు వేల ఎకరాలు. రోళ్ళపాడు మొత్తం కలిపి పదిహేను వందల ఎకరాల పైచిలుకు.